వడగట్టిన నీరు: కారణము, సాధనము, ఫలితము

త్రాగు నీటిని వడగట్టి గాని వాడరాదనుట జైన గృహములలో తరతరములుగా నిలిచియున్న నియమము. వర్తకమునకై ఊరు విడిచి, పరభాషాప్రాంతములలో అంగళ్ళు పెట్టుకొని స్థిరపడిన కుటుంబములలో వాడుకమాట మారినది, వంటలు మారినవి. బిందె మూతిపై మడత గుడ్డ మాత్రము మారలేదు. నీటిలో కంటికి అగపడని ప్రాణులు గలవనియు, త్రాగువాని అశ్రద్ధచే వానికి హాని కలుగరాదనియు ఈ నియమమునకు మూలము. ఇది జీవదయకు సంబంధించిన విషయము.

అయితే ఈనాటి ఇండ్లలో మరొక ప్రశ్న వినబడుచున్నది. ఈ గుడ్డ వలన ఆరోగ్యమునకు మేలు గలదా? “వడగట్టితిమి, ఇక భయము లేదు” అని పెద్దలు కొందరందురు. “సూక్ష్మజీవిని గుడ్డ ఆపునా? ఇది వట్టి ఆచారమే” అని కళాశాలలో చదువుచున్న పిల్లలందురు. ఈ రెండు మాటలలోను సగమే నిజమున్నది. మిగిలిన సగము తెలియవలెనన్న, వ్యాధికి కారణమేమి, ఆ కారణమును సాధనము ఎచ్చట అడ్డుచున్నది, ఎంతవరకు అడ్డుచున్నది అను మూడు సంగతులను వరుసగా విచారింపవలెను.

కారణమననేమి?

కుండకు మట్టి ఉపాదానకారణము. కుమ్మరి, సారె, కఱ్ఱ నిమిత్తకారణములు. ఒక కార్యమునకు పెక్కు కారణములు కూడవలెనని శాస్త్రకారులు చెప్పినది ఇందువలననే. వ్యాధియు ఒక కార్యమే. దానికిని విషబీజము, అది వచ్చు త్రోవ, దానిని గ్రహించు దేహము అను మూడును కూడవలెను. ఇది గొలుసు వంటిది. గొలుసులో ఏ ఒక్క కొక్కెము తెగినను కార్యము జరుగదు.

కాని కలిసి కనబడినదెల్ల కారణము కాదు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కమారే జరిగినచో కాకియే పండును పడద్రోసెననుకొనుట కాకతాళీయన్యాయము. కలరా విషయమున లోకము చిరకాలము ఇట్టి పొరపాటునందే యుండెను. మురికివాడలలో దుర్గంధముండును, మురికివాడలలోనే కలరా హెచ్చుగా వచ్చును, కావున దుర్గంధమే కలరాకు కారణమని పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులలో ఎక్కువమంది నమ్మిరి. కారణము తప్పుగా ఎంచినందున చికిత్సయు తప్పినది. లండనులో దుర్గంధమును పోగొట్టుటకై ఇండ్ల మురికిని థేమ్సు నదిలోనికి త్రోసిరి. ఆ నది నీటినే జనులు త్రాగుచుండిరి.

లండను పంపు

1854 ఆగస్టు చివర లండను నగరమున బ్రాడ్ స్ట్రీటు ప్రాంతమున కలరా విజృంభించి 600 మందికి పైగా మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను తిరిగి, వారు ఏ నీరు త్రాగిరో విచారించెను. మృతులలో అత్యధికులు ఆ వీధి పంపు నీరు త్రాగినవారు. అంతకన్న విలువైనది ఆయన బ్రతికినవారిని గూర్చి చేసిన విచారణ. ఆ పంపునకు సమీపముననే 535 మంది నివసించు అనాథశాల యొకటి యుండెను. దానికి సొంత బావి యుండుటచే అచట ఐదుగురే మరణించిరి. దగ్గరలోనే సారా బట్టీలో డెబ్బదిమందికి పైగా పనివారుండిరి. వారు పంపు నీరు ముట్టక బీరు త్రాగువారగుటచే వారిలో ఎవరును కలరాతో చనిపోలేదు. గాలి అందరికి ఒక్కటే, దుర్గంధము ఒక్కటే. నీరు మాత్రమే వేరు. సెప్టెంబరు 8వ తేదీన పంపు పిడిని తీసివేసిరి. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టియుండెనని స్నోయే నిజాయితీగా వ్రాసెను.

ఆయన చేసిన రెండవ లెక్క ఇంతకన్న గట్టిది. దక్షిణ లండనులో రెండు కంపెనీలు ఒకే వీధులలో, ప్రక్కప్రక్క ఇండ్లకు నీరు సరఫరా చేయుచుండెను. లాంబెత్ కంపెనీ 1852లో తన నీటి గొట్టమును నగరపు మురికి కలియని ఎగువ భాగమునకు మార్చెను. సదర్క్ కంపెనీ దిగువ నీటినే తోడుచుండెను. 1854 కలరాలో మొదటి ఏడు వారములలో సదర్క్ నీరు వాడిన ప్రతి 10,000 ఇండ్లకు 315 మరణములు. లాంబెత్ నీరు వాడిన 10,000 ఇండ్లకు 37 మాత్రమే. ధనికుడు, పేద అను భేదము లేదు. వీధి భేదము లేదు. ఒక్క నీటి భేదమే ఇంత భేదమునకు దారితీసెను. తక్కినవన్నియు సమానముగా నుంచి ఒక్కదానిని మార్చి చూచుటయే కారణమును పట్టుకొను పద్ధతి.

విషబీజము దొరికిన విధము

అదే 1854లో ఇటలీ దేశపు ఫిలిప్పో పాచీని, కలరాతో చనిపోయినవారి ప్రేగులలో వంకర తిరిగిన సూక్ష్మజీవులను సూక్ష్మదర్శినిలో చూచెను. ఆయన మాటను లోకము పట్టించుకొనలేదు. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోఖ్ కలకత్తాలో ఆ జీవిని విడదీసి పెంచెను. జనులు వాడు చెరువు నీటిలోను దానిని కనుగొనెను. అది ప్రేగులో చేయు పని యేమో 1959లో కలకత్తా శాస్త్రజ్ఞుడు శంభునాథ్ దే వెల్లడించెను. ఆ సూక్ష్మజీవి విడుచు విషము ప్రేగు గోడల నుండి ఉప్పును నీటిని బయటికి పోయించును. తీవ్రమైన రోగికి గంటకొక లీటరు వరకు నీరు పోవచ్చును. చంపునది సూక్ష్మజీవి అగుట నిజమే. కాని చావు వచ్చునది నీటి నష్టము త్రోవనే. ఈ సంగతి చివర మరల అవసరపడును.

పాత చీర మడతలు

ఇప్పుడు గుడ్డ దగ్గరకు రావలెను. కలరా సూక్ష్మజీవి పొడవు రెండు మూడు మైక్రానులకు మించదు. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రాను. ఒంటి పొర నూలుగుడ్డలో దారముల నడుమ సందు నూరు మైక్రానులకు పైబడి యుండును. ఇంటి సింహద్వారము గుండ చీమ పోయినట్లు సూక్ష్మజీవి గుడ్డ గుండ పోవును. కాబట్టి కళాశాల పిల్లవాని ప్రశ్న న్యాయమైనదే.

కాని చెరువులలో, నదులలో ఈ సూక్ష్మజీవి ఒంటరిగా మాత్రమే తిరుగదు. రొయ్యజాతికి చెందిన కోపిపాడ్ అను సన్నని నీటిపురుగుల దేహములను అంటిపెట్టుకొని గుంపులుగా నుండును. ఒక్కొక్క పురుగుపై వేలకొలది సూక్ష్మజీవులు చేరవచ్చును. అమెరికా శాస్త్రజ్ఞురాలు రీటా కోల్వెల్, ఆమె సహచరులు దీనిని గుర్తించి, పురుగును ఆపినచో దానిపై స్వారి చేయు సూక్ష్మజీవులును ఆగునని తలచిరి. దానికి ఖరీదైన యంత్రము అక్కరలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరను కనీసము నాలుగు మడతలుగా వేసిన చాలును. ఉతుకుల వలన దారము విచ్చుకొని సందులు పూడును. మడతలు ఒకదాని సందును మరియొకటి కప్పును. ఇరువది మైక్రానులకు పైబడిన ప్రతి పదార్థము ఆగును. బట్టల వ్యాపారి కొత్త గుడ్డకే వెల కట్టును గాని, ఈ పనికి మాత్రము పాత గుడ్డయే మేలు.

1999 సెప్టెంబరు నుండి 2002 జూలై వరకు బంగ్లాదేశములో 65 గ్రామములలో, సుమారు 1,33,000 మంది జనులలో ఈ పద్ధతిని పరీక్షించిరి. వడగట్టని గ్రామములతో పోల్చగా వడగట్టిన గ్రామములలో కలరా నూటికి 48 వంతులు తగ్గెను. ఈ ఫలితము 2003లో ప్రకటింపబడినది. ఐదేండ్ల తరువాత మరల పోయి విచారింపగా, చెప్పువారు లేకున్నను నూటికి 31 మంది స్త్రీలు వడగట్టుట మానలేదని తేలినది. ఖర్చు లేని సాధనము ఇంటిలో నిలుచునని దీనివలన తెలియును.

ఈ 48 అను అంకెను రెండు వైపుల నుండి చదువవలెను. ఒక్క పైస ఖర్చు లేని గుడ్డ ఇంచుమించు సగము రోగమును ఆపినదనుట గొప్ప. మిగిలిన సగమును ఆపలేదనుట హెచ్చరిక. ఒంటరిగా తేలు సూక్ష్మజీవి గుడ్డను దాటును. చేతుల మురికి, చల్లారిన అన్నము, స్నానమున మ్రింగిన నీరు వేరు త్రోవలు. అయినను సగము తగ్గుటకు కారణమున్నది: కలరా పట్టుటకు కొద్ది సూక్ష్మజీవులు చాలవు, లక్షలకొలది లోనికి పోవలెను. గుడ్డ ఆ మోతాదును తగ్గించుచున్నది.

నారికురుపు: గుడ్డ గెలిచిన చోటు

గుడ్డ ఇంతకన్న సంపూర్ణముగా పనిచేసిన వ్యాధి యొకటి గలదు. పెద్దవారు కొందరు నారికురుపును ఎరిగియుందురు. కాలిపై పొక్కు లేచి, దానినుండి గజము పొడవు తెల్లని పురుగు మెల్లగా వెలువడును. ఆ మంట చల్లార్చుకొనుటకు రోగి మెట్లబావిలో కాలుపెట్టినచో పురుగు వేలకొలది పిల్లలను నీటిలో విడుచును. సైక్లోప్సు అను నీటిపురుగు వానిని మ్రింగును. ఆ నీటిని వడగట్టక త్రాగినవానికి ఏడాది తిరుగునప్పటికి మరల నారికురుపు లేచును. ఈ చక్రములో సైక్లోప్సు పాత్రను 1870లో రష్యా శాస్త్రజ్ఞుడు ఫెడ్చెంకో కనుగొనెను.

ఇక్కడ త్రోవ ఒక్కటే. సైక్లోప్సు పెద్దది, మంచి గుడ్డను దాటలేదు. అందుచే వడగట్టిన నీటితో వ్యాధి రాదు. దీనికి మందు లేదు, టీకా లేదు. భారతదేశమున 1980ల మొదట ఆరంభమైన నిర్మూలన కార్యక్రమము నాటికి రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలతోపాటు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గ్రామములలోను ఈ వ్యాధి యుండెను. ప్రభుత్వము మెట్లబావులను మార్చి, చేతిపంపులు వేసి, నీటిలో మందు చల్లి, ఇంటింట వడగట్టు గుడ్డను వాడించినది. 1996 జూలైలో రాజస్థాన్‌లో చివరి రోగి కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశమును నారికురుపు లేనిదిగా ప్రకటించెను. 1986లో ప్రపంచమున సుమారు 35 లక్షలున్న రోగులు 2023లో 14 మందికి దిగిరి.

ఒకే గుడ్డ కలరాను సగము, నారికురుపును పూర్తిగా అడ్డెను. గుడ్డలో భేదము లేదు. కారణపు గొలుసులో భేదమున్నది. అన్ని త్రోవలు ఒక్క కొక్కెము గుండ పోవునప్పుడు దానిని తెంచిన సాధనము పూర్తిగా ఫలించును.

గుడ్డకు లొంగనివి

పచ్చకామెర్లు తెచ్చు వైరసులు సూక్ష్మజీవులకన్న ఎన్నో రెట్లు చిన్నవి. వానికి గుడ్డ అడ్డు కానే కాదు. వానిని చంపునది కాగుట లేక క్లోరిను. టైఫాయిడు సూక్ష్మజీవికిని ఇదే మాట.

కాచినను పోనిది మరొకటి గలదు. అది ఫ్లోరైడు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంకరపోవుటను ఈ దేశమున మొట్టమొదట నెల్లూరు జిల్లా గ్రామములలో గుర్తించి 1937లో ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతము దీనిచే ఎంత బాధపడెనో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు ప్రాణి కాదు, నీటిలో కరిగిన లవణము. గుడ్డలో ఆగదు, కాచిన నశింపదు. నీరు సగము ఇగురునట్లు కాచినచో లీటరుకు ఫ్లోరైడు రెట్టింపగును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని నియమము. పటిక, సున్నము కలిపి తేర్చు పద్ధతిని నాగపురములోని జాతీయ పరిశోధన సంస్థ కనుగొని దానికి నల్లగొండ పేరే పెట్టెను. ఇండ్లలో వాడు ఆర్‌.ఓ. యంత్రమును ఫ్లోరైడును తీయును. కాని లవణదోషము లేని నీటికి ఆ యంత్రము పెట్టుట, శుద్ధియైన ప్రతి లీటరుకు రెండు మూడు లీటర్లు కాలువపాలు చేయుటయే యగును. దోషమేమో తెలియక సాధనము కొనుట, సరుకు చూడక బేరము చేయుట వంటిది.

కాచుటలో లెక్క

ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి మరుగు స్థానమునకు తెచ్చుటకు 70 కిలోకేలరీల వేడి కావలెను. కిలో వంటగాస్‌లో సుమారు 11,000 కిలోకేలరీలున్నవి. మంచి పొయ్యి మీద అందులో మూడింట రెండు వంతులు గిన్నెకు చేరును. ఆ లెక్కన కిలో గాస్‌తో నూరు లీటర్ల నీరు మరుగును. ఐదుగురున్న ఇంటికి దినమునకు పది లీటర్ల త్రాగునీరు కాచుటకు నెలకు సుమారు మూడు కిలోల గాస్ చాలును. మూడు రాళ్ళ కట్టెల పొయ్యిలో నూటికి పది పదిహేను వంతుల వేడియే గిన్నెకు చేరును. కావున ఆ పది లీటర్లకు దినమునకు కిలోన్నర కట్టెలు పట్టును, పొగ అదనము.

మరిగిన తరువాత ఇంకను పది నిమిషములు కాచుట మేలని చాలమంది తలంతురు. మరుగు నీటి వేడి మంట హెచ్చించినను పెరుగదు. ఆ మంట నీటిని ఆవిరి చేయుటకే ఖర్చగును. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు 540 కిలోకేలరీలు పట్టును. అనగా పదవ వంతు నీరు ఇగిరినచో మరియొక లీటరును ఇంచుమించు మరిగించునంత ఇంధనము వ్యర్థము. రోగకారకములు మరుగు స్థానమునకు ముందే నశించును. బుడగలు పొంగి తెర్లుట కంటికి కనబడు గుర్తు మాత్రమే. నీరు బాగుగా తెర్లినంతనే దింపి, మూతతోనే చల్లార్చవలెను. కాచిన నీటిలో కడుగని చెంబు ముంచినచో కాచినదంతయు వృథా.

నీటి నష్టమును పూడ్చుట

ఎంత జాగ్రత్త పడినను విరేచనములు రావచ్చును. అప్పుడు చంపునది నీటి నష్టమని పైన చెప్పబడినది. ఉత్త నీరు త్రాగించిన ప్రేగు దానిని నిలుపుకొనలేదు. కాని పంచదారయు ఉప్పును తగు పాళ్ళలో కలిసినప్పుడు, పంచదారను పీల్చుకొను ద్వారమే ఉప్పును కూడ లోనికి తీసికొనును. వాని వెంట నీరు పోవును. కలరా విషము ఈ ద్వారమును మూయలేదు. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరములో డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ ద్రవమును డ్రమ్ములలో కలిపి బంధువుల చేతనే రోగులకు త్రాగించెను. నూటికి ముప్పది వంతులుగా నున్న మరణములు 3.6కు తగ్గెను. ఆయనకు మరణానంతరము 2023లో పద్మవిభూషణ్ ప్రకటించిరి.

పొట్లము దొరికిన దానినే ఒక లీటరు శుద్ధజలమున కలుపవలెను. దొరకనిచో ఒక లీటరు నీటికి ఆరు చదును టీ చెంచాల పంచదార, అర చదును చెంచా ఉప్పు. ఉప్పు హెచ్చిన ప్రమాదము. పంచదార హెచ్చిన విరేచనములు పెరుగును. బిడ్డకు చనుబాలు మానరాదు. కండ్లు లోతుకు పోయి, మూత్రము ఆగి, మగతగా నున్నచో క్షణమాలస్యము లేక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇంటిలో పాటింపవలసిన క్రమము

మొదట వడగట్టుట, తరువాత కాచుట. మడ్డి తీసిన నీటిలో క్లోరినును బాగుగా పనిచేయును. గుడ్డ పాత నూలుది, చిరుగు లేనిది, కనీసము నాలుగు మడతలది కావలెను. ప్రతిదినము ఒకే ప్రక్కను పైకి ఉంచవలెను. తిరగవేసినచో నిన్న ఆగినవి నేడు బిందెలో పడును. అందులకే అంచున ఒక దారపు గుర్తు కుట్టుకొనుట మంచిది. వాడిన గుడ్డను జాడించి, చివర వడగట్టిన నీటితో తడిపి, ఎండలో ఆరవేయవలెను. గుడ్డలో నిలిచిన ప్రాణులను ఏ నీటినుండి వచ్చెనో ఆ నీటిలోనే మెల్లగా విడుచు పూర్వాచారము జీవదయకు ఎంత తగినదో, ఒక బావి దోషమును మరొక బావికి చేర్చకుండుటకును అంత తగినది. కొత్త ఊరిలో కాపురము పెట్టినప్పుడు, బోరుబావి త్రవ్వించినప్పుడు నీటిని ఒకమారు పరీక్ష చేయించుట ఖర్చు కాదు, పెట్టుబడి.

గుడ్డను నమ్మి కాచుట మానినవాడును, కాచుటను నమ్మి ఫ్లోరైడును మరచినవాడును, యంత్రమును నమ్మి చేతులు కడుగనివాడును ఒక్క తీరుననే మోసపోవుదురు. ప్రతి సాధనమునకు ఒక హద్దు గలదు. ఆ హద్దు తెలిసి వాడినవాని ఇంట పెద్దలు నిలిపిన మడత గుడ్డ ఈనాటికిని తన పని తాను చేయుచునే యుండును.